అది నీ భయం కాదు

డిసెంబరు 16, సోమవారం

సుమయాను పాము కరిచింది. నిన్న మధ్యాహ్నం, రేపల్లెలో, వాళ్ళ నాన్నమ్మ ఇంటి దగ్గర.

నా తరగతి పిల్ల. ఎనిమిది బి, రెండో బెంచీ. బొమ్మలు బాగా గీస్తుంది. గుండె బొమ్మ వేసి భాగాలు గుర్తించమంటే మిగతా అందరికీ ఆ పిల్ల నోట్సే చూపిస్తాను.

రెండున్నరకి వాళ్ళ నాన్న మీరా మొహిద్దీన్ గారు ఫోన్ చేశారు. తెనాలిలో టైలరు ఆయన. ఆదివారం కదా, తల్లిని చూడటానికి పిల్లను తీసుకుని వెళ్ళారట. "సార్, పిల్లకి పాము కరిచింది సార్. ఇక్కడ అందరూ తాడు కట్టమంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

తాడు కట్టొద్దన్నాను. కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, చెయ్యి కదపకుండా ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి అన్నాను. రేపల్లెలో విరుగుడు మందు మొదటి డోసు ఇచ్చి తెనాలి పంపారు. వాళ్ళ అంబులెన్సు వచ్చేసరికి నేను ఆసుపత్రి గేటు దగ్గర ఉన్నాను. కుడి చెయ్యి మోచేయి దాటి వాచిపోయింది. వేళ్ళు నల్లబడ్డాయి. చిగుళ్ళలోంచి రక్తం కారుతోంది. చూడగానే అర్థమైంది, రక్తపింజరి.

తాడు కట్టకుండా తెచ్చి మంచి పని చేశారని డాక్టరు అన్నాడు. మొహిద్దీన్ గారు అందరి ముందూ నా రెండు చేతులూ పట్టుకున్నారు. "మీరు చెప్పబట్టే సార్. మీరు లేకపోతే ఏమైపోయేవాళ్ళమో."

ఇంటికి వచ్చి స్నానం చేశాను. మా ఆవిడ నాగజ్యోతి అన్నం పెట్టింది. తిన్నాను కూడా.

డిసెంబరు 17, మంగళవారం

సుమయాకి మూత్రం తగ్గిపోయింది. డయాలసిస్ మొదలుపెట్టారు.

డిసెంబరు 18, బుధవారం

ఒక సంగతి ఇక్కడ రాసి పెట్టుకోవాలి. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే తడబడకుండా ఉండటానికి.

నవంబరు 16న బాపట్లలో సైన్సు క్యాంపు పెట్టాం. నలభై మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. మధ్యాహ్నం దాకా సూర్యలంక ఒడ్డున గవ్వలూ పీతలూ చూపించాం. తర్వాత పాముల కార్యక్రమం. ఇళ్ళలోకి వచ్చిన పాముల్ని పట్టి దూరంగా వదిలే ఇస్సాకును పిలిపించాను. అతను ఆ ఉదయమే ఎవరింట్లోనో పట్టిన శాండ్ బోవాను సంచీలో తెచ్చాడు. విషం లేని పాము. పొట్టిగా, లావుగా, ఒంటినిండా ముదురు మచ్చలతో ఉంటుంది. క్యాంపు అయ్యాక దాన్ని ఇసుకలో వదిలేశాడు.

నేను పిల్లలకి ఏం చెప్పానంటే, ఏ భయమూ పుట్టుకతో రాదు. పసిబిడ్డ ముందు పాము బొమ్మ పెట్టినా పువ్వు బొమ్మ పెట్టినా ఒకేలా చూస్తుంది. పెద్దవాళ్ళు అరుస్తుంటే చూసి నేర్చుకుంటుంది. నేర్చుకున్నదాన్ని మరచిపోవచ్చు కూడా. ఇరవై ఆరేళ్ళుగా ఇదే చెబుతున్నాను. దెయ్యాలకీ, తుమ్ములకీ, పిల్లి ఎదురు రావడానికీ, అన్నిటికీ ఇదే పాఠం. ఎంతమంది పిల్లలు ఈ పాఠంతో బాగుపడ్డారో నాకు తెలుసు.

విషప్పాముల చార్టు చూపించాను. తెలియని పామును తాకవద్దని కూడా చెప్పాను. చెప్పే ఉంటాను.

సుమయా మొదట వెనక నిలబడింది. భయపడింది. తర్వాత తనే ముందుకు వచ్చి తాకింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటో ఉంది.

డిసెంబరు 19, గురువారం

స్కూలు నోటీసు బోర్డు మీద క్యాంపు ఫొటోలు తీసేశాను. నెల దాటింది కదా. పైగా యూనిట్ టెస్టు మార్కులు పెట్టడానికి చోటు లేదు.

డిసెంబరు 21, శనివారం

ఆసుపత్రిలో సుమయా నాన్నమ్మను కలిశాను. గౌస్ బీ. డెబ్భై దాటిన మనిషి. వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. నేను మాస్టారినని కొడుకు చెప్పగానే లేవబోయింది. వద్దన్నాను.

జరిగింది ఆమె చెప్పింది. పొయ్యిలోకి పుల్లలు తెమ్మని సుమయాను పెరట్లోకి పంపిందట. ఆరేళ్ళ మనవరాలు హుమేరా కూడా వెంట వెళ్ళింది. గడ్డివాము పక్కన చుట్ట చుట్టుకుని ఉన్నదాన్ని చూసి హుమేరా కెవ్వుమంది.

"ఆ కేకకి నేను బయటికి వచ్చాను మాస్టారూ. వచ్చేసరికి మా సుమయా దాని ముందు గొంతుక్కూర్చుంది. పసిదానితో అంటోంది, 'భయం మనది కాదే, మన దాదిమాది. మనకి తొడిగారంతే. విప్పేస్తే పోద్ది' అని. అది బుస్సుమంటా ఉంది. నేను అరిచేలోపు చెయ్యి పెట్టేసింది."

కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి, "ఎక్కడ నేర్చుకుందో ఆ మాట. నన్నెందుకు అంది అట్టా?" అని నన్నే అడిగింది.

నేను చెప్పబోయాను. నోరు తెరిచాను. అంతలో నర్సు వచ్చి సుమయా వాళ్ళెవరని పిలిచింది.

డిసెంబరు 22, ఆదివారం

నర్సు వచ్చిన మాట నిజమే. కానీ ఒక్క నిమిషంలో వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను వరండాలో ఇంకో అరగంట కూర్చున్నాను.

డిసెంబరు 24, మంగళవారం

చూపుడు వేలు, మధ్య వేలు తీసేశారు. కుడి చెయ్యి.

డిసెంబరు 26, గురువారం

అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నానని నాగజ్యోతి నిలదీసింది. బాపట్లలో నేనన్న మాట, రేపల్లెలో ఆ పిల్ల అన్న మాట చెప్పాను. తనే ముందుకొచ్చి తాకిందని కూడా చెప్పాను. నాగజ్యోతి నమ్మలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురం.

"తనే వచ్చిందా, మీరు తెచ్చారా?"

"కొంచెం ప్రోత్సహించాను. టీచరన్నాక ప్రోత్సహించనా? నేను ఈత ఎలా నేర్చుకున్నాను? మా నాన్న కాలవలో తోసేస్తే కదా."

ఈ కథ తరగతిలో ప్రతి ఏడూ చెబుతాను. నాకు ఎనిమిదేళ్ళు. నీళ్ళంటే వణుకు. నాన్న పేరు గౌరీశంకరం, ఆయనా బడిపంతులే. ఒక రోజు కాలవ గట్టు మీద నడుస్తూ నడుస్తూ నన్ను ఎత్తి నీళ్ళలోకి విసిరాడు. మునిగాను, తేలాను, కాళ్ళూ చేతులూ ఆడించాను, ఒడ్డు పట్టుకున్నాను. "చూశావా, భయం లేదు ఏం లేదు" అని నాన్న నవ్వాడు. పిల్లలు ఈ కథకి చప్పట్లు కొడతారు.

నాగజ్యోతి కంచం తీస్తూ, "ఆ తర్వాత మీరెప్పుడైనా కాలవలో దిగారా?" అంది.

నేను చెయ్యి కడుక్కోవడానికి లేచాను.

"సముద్రంలో అయినా? మనం సూర్యలంక ఎన్నిసార్లు వెళ్ళాం? నేను మోకాళ్ళ దాకా దిగుతాను. మీరు చెప్పులు కాపలా కాస్తానని ఒడ్డునే కూర్చుంటారు. ఒక్కసారైనా పాదం తడిసిందా మీకు?"

తెనాలిలో మూడు కాలవలున్నాయి. యాభై ఏళ్ళుగా వాటి వంతెనల మీద తిరుగుతున్నాను. ఒక్కసారీ దిగలేదు. ఈత నేర్చుకున్నానని మాత్రం ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్నాను.

డిసెంబరు 28, శనివారం

బాపట్ల వెళ్ళాను. పనేమీ లేదు. సెలవే కదా అని వెళ్ళాను.

అబద్ధం. ఇస్సాకును కలవడానికే వెళ్ళాను. ఏదైనా మాట వస్తే అతనే సాక్షి. అతనికి ఏం గుర్తుందో తెలుసుకోవాలనిపించింది.

రైలు చుండూరు దాటుతుంటే కిటికీలోంచి చూశాను. కోతలైపోయిన చేలు, గట్ల మీద కుప్పలు, వాటి మధ్య పనిచేస్తున్న ఆడవాళ్ళు. వాళ్ళు కుప్ప కదిపే ముందు కర్రతో తట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, అప్పుడు చెయ్యి పెడుతున్నారు. ఎన్నేళ్ళుగానో ఈ దారిలో తిరుగుతున్నాను. ఆ వెనకడుగు ఇవాళే చూశాను.

ఇస్సాకు ఇంటి ముందు మంచం వేసి కూర్చోబెట్టాడు. సుమయా సంగతి చెప్పాను. తల వంచుకుని విన్నాడు.

"నీకు గుర్తుందా ఇస్సాకూ, ఆ అమ్మాయి తనే వచ్చి ముట్టుకుంది కదా?"

అతను నా మొహంలోకి చూశాడు. "తనే రాలేదు సార్."

"మరి?"

"మీరు తెచ్చారు. చెయ్యి పట్టుకుని. నేను చెప్పాను కూడా, ఏడుస్తన్న పిల్లని వదిలెయ్యండి సార్, ఇంకోళ్ళని పిలుద్దాం అని. మీరు విన్లా."

అతనలా అన్నాడని నాకు ఆ క్షణం దాకా గుర్తు లేదు. అన్న తర్వాత మొత్తం గుర్తొచ్చింది, అతని గొంతుతో సహా.

ఏదో ఒకటి అనాలని, "నువ్వు ఇన్నేళ్ళుగా పాముల్ని పడుతున్నావు. నీకు భయం పోలేదూ?" అన్నాను.

"ఎవరన్నారు సార్ పోయిందని? సంచీ మూతి విప్పిన ప్రతిసారీ నాకు భయమేస్తది. అట్టా భయమెయ్యని రోజున ఈ పని మానేస్తానని మా ఆవిడకి మాటిచ్చాను."

టీ ఇచ్చాడు. వద్దనలేక తాగాను.

డిసెంబరు 29, ఆదివారం

నేను పాఠంలో వాడే పుస్తకం బయటికి తీశాను. అందులో కోతుల మీద చేసిన ప్రయోగం ఉంది. ప్రయోగశాలలో పుట్టి పెరిగిన కోతులకి పామంటే భయం ఉండదు. వేరే కోతి పామును చూసి హడలిపోవడం చూపిస్తే, ఇవీ హడలిపోవడం నేర్చుకుంటాయి. ఇక్కడిదాకా పిల్లలకి చెబుతాను.

తర్వాత ఇంకో పేజీ ఉంది. అదే పద్ధతిలో, పాముకు బదులు పువ్వును చూసి కోతి హడలిపోతున్నట్టు చూపించారు. ఎన్నిసార్లు చూపించినా పువ్వంటే భయం నేర్చుకోలేదు. పాము భయానికి మాత్రం లోపల ముందే ఎక్కడో చోటుంది. నేర్పేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ.

ఈ పేజీ నాకు తెలియనిది కాదు. మార్జిన్లో నా పెన్సిలు గీత ఉంది. ఇది చెబితే పాఠం బలం తగ్గుతుందని వదిలేసేవాణ్ణి. పిల్లలు అయోమయంలో పడతారని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

ఇక బాపట్లది ఉన్నదున్నట్టు రాస్తాను.

సుమయా అందరి వెనకా నిలబడి ఉంది. ముందుకు రమ్మన్నాను, రాలేదు. కొందరు పిల్లలు నవ్వారు. నేను వెళ్ళి పక్కన నిలబడి, "అది నీ భయం కాదమ్మా. మీ నాన్నమ్మది. ఆవిడ నీకు తొడిగింది. విప్పెయ్" అన్నాను. వాళ్ళ నాన్నమ్మ ఎవరో నాకు తెలియదు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒక నాన్నమ్మో అమ్మమ్మో ఉంటుంది కదా అని అన్నాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. నేను మణికట్టు పట్టుకుని తీసుకొచ్చాను. ఏడుస్తోంది. చెయ్యి వెనక్కి లాక్కుంటోంది. ఆ లాగడం నా వేళ్ళకి తెలుస్తూనే ఉంది. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అరచేతిని తెచ్చి పాము వీపు మీద ఆనించాను. చప్పట్లు. ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది. ఫొటోలో నవ్వు పడింది. నా చెయ్యి ఫ్రేములో లేదు.

డిసెంబరు 30, సోమవారం

ఈ రోజు నుంచి డయాలసిస్ అక్కర్లేదట. మొహిద్దీన్ గారు మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళారు. వార్డులో నేనూ సుమయా. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని ఉంది.

"సార్, బాపట్ల సంగతి నేనెవరికీ చెప్పలేదు."

"ఏ సంగతి?" అన్నాను. ఏ సంగతి అని అడిగాను నేను.

"మీరు చెప్పింది. భయం విప్పెయ్యాలని. దాదిమా అడిగింది, ఎక్కడ విన్నావే ఆ మాట అని. ఫోన్లో చూశానని చెప్పాను."

"అలా ఎందుకు చెప్పావమ్మా?"

"మీకు ప్రాబ్లం అవుద్ది కదా సార్."

నేను కిటికీ వైపు చూశాను.

"అది అచ్చం మీరు చూపించిన దానిలాగే ఉంది సార్. లావుగా, పొట్టిగా, మచ్చలతో. నేనే చార్టు సరిగ్గా చూసుకోలేదు. అందరూ చూసుంటారు, నేనే ఎటో చూసుంటాను."

చార్టు ఎవరూ చూడలేదు. ఆ రోజు టైము చాలక అది బస్సులోనే ఉండిపోయింది. తిరుగు ప్రయాణంలో నా కాళ్ళ దగ్గరే దొర్లింది.

ఈ మాట కూడా ఆ పిల్లతో అనలేదు. "చదువు గురించి బెంగ పెట్టుకోకు, నోట్సు నేను రాయించి ఇస్తాను" అన్నాను. "సరే సార్, థాంక్స్ సార్" అంది.

జనవరి 2, గురువారం

రేపు చెబుతాను, మొహిద్దీన్ గారికి.

జనవరి 3, శుక్రవారం

డిశ్చార్జి చేశారు. ఆ హడావుడిలో బాగుండదనిపించింది.

జనవరి 5, ఆదివారం

చెప్పాను.

మధ్యాహ్నం షాపుకి వెళ్ళాను. మొహిద్దీన్ గారు ఒక్కరే ఉన్నారు. చొక్కా గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తున్నారు. నన్ను చూసి కుర్చీ దులిపి వేశారు. "రండి సార్, టీ చెప్తాను."

టీ వద్దన్నాను. నిలబడే చెప్పాను. కూర్చుంటే మళ్ళీ ఏదో దారి వెతుక్కుంటానని భయం. చార్టు సంగతి, నాన్నమ్మ పేరు చెప్పి నేనన్న మాట, చెయ్యి పట్టుకున్నది. ఆయన సుద్ద అలాగే గుడ్డ మీద ఆనించి విన్నారు.

"చెయ్యి లాక్కుందా?"

"లాక్కుందండి."

"మీరు వదల్లేదా?"

"వదల్లేదు."

సుద్ద బల్ల మీద పెట్టారు. టేపును మెడలోంచి తీసి, చుట్టి, దాన్నీ పెట్టారు. ఇంత మెల్లగా మాట్లాడతారని నేననుకోలేదు.

"ఇరవై రోజుల నుంచి మా అమ్మ సరిగ్గా అన్నం తినట్లేదు సార్. పుల్లలు తెమ్మని పంపింది తనేనంట. నా నోటితో నేనే పంపానురా అని ఒకటే ఏడుపు. పైగా పిల్ల తన పేరే చెప్పి చెయ్యి పెట్టిందిగా. నావల్లే నావల్లే అంటది. ఎంత చెప్పినా వినట్లా. మీరు ఆ మొదటి రోజే ఈ మాట చెప్పుంటే ఆ ముసలామె..."

ఆపేశారు.

"తప్పు నాదేనండి" అన్నాను.

"నాకెందుకు చెప్తారు సార్? వెళ్ళి మా అమ్మకి చెప్పండి."

వచ్చేస్తుంటే వెనక నుంచి మిషను చప్పుడు వినిపిస్తుందేమోనని చూశాను. వినిపించలేదు.

జనవరి 6, సోమవారం

సెలవు పెట్టి రేపల్లె వెళ్ళాను. రైలు వేమూరులో చాలాసేపు ఆగింది. ఇక్కడే దిగి తిరుగు రైలు పట్టుకోవచ్చని ఒకసారి అనిపించింది. అనిపించిన మాట ఎందుకు దాచాలి?

గౌస్ బీ వాకిట్లో చాప వేసింది. డిశ్చార్జి అయ్యాక సుమయాను ఇక్కడికే తెచ్చారు, లోపల పడుకుని ఉంది. నేను చెబుతున్నంతసేపూ ఆమె కళ్ళు ఎటూ తిప్పలేదు. నేనన్న మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యెత్తి ఆపింది.

"మళ్ళీ చెప్పండి మాస్టారూ. నా భయం అన్నారా?"

"అవునమ్మా. నాన్నమ్మ నేర్పిన భయం అన్నాను."

"నాకు పాములంటే భయమేంటి? ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కాడ నుంచి గేదెల్ని మేపుతున్నాను. గడ్డివాములో చెయ్యి పెడితే ఎన్నిసార్లు తగిలాయో. కర్ర తీసుకుని పక్కకి తోలేదాన్ని. కొడుక్కి గానీ, మనవరాళ్ళకి గానీ పాము కథ ఒక్కటి చెప్పలేదు నేను." గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "దానికి అప్పటికి రెండేళ్ళు లేవు. సరిగ్గా మాటలు కూడా రావు. వాకిట్లో నీళ్ళ పైపు చుట్ట చుట్టి పెడితే, అది చూసి నా కాళ్ళ మీదుగా చంకెక్కేసింది. పైపు తీసేదాకా దిగలా. ఎవరు నేర్పారంటారు దానికి? వాళ్ళమ్మా నేర్పలా, నేనూ నేర్పలా. అది నాది కాదు మాస్టారూ. దానిదే. దాంతోనే పుట్టింది."

నేను చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది.

"పుల్లలు తెమ్మన్నది మీరైనా, మీ తప్పు లేదమ్మా. అది చెప్పడానికే వచ్చాను."

"తెలుస్తా ఉంది," అంది. తర్వాత, "వచ్చి చెప్పారు. సంతోషం. ఇంక వెళ్ళండి" అంది. కోపంగా అనలేదు. అలసిపోయి అంది.

దారిలో రైల్లో కూర్చున్నాక ఒకటే ఆలోచన. ఆ పిల్ల తన భయాన్ని ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేదు. కళ్ళతో, చేతులతో పాటు తెచ్చుకుంది. నేను దాన్ని ఇంకొకరిదని చెప్పాను. మాస్టారు చెప్పారు కదా అని నమ్మింది. అంటే ఆ పిల్ల నిజంగా నేర్చుకున్నది ఒక్కటే, నేను చెప్పిన మాట. నేను నేర్చుకున్నది మాత్రం? నీళ్ళలోకి విసిరేస్తే భయం పోతుందన్నది మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. అది నాకు పని చేయలేదని నా పాదాలకి తెలుసు. నాకు మాత్రం తెలియనివ్వలేదు.

జనవరి 8, బుధవారం

హెడ్మాస్టరు కోటేశ్వరరావు గారికి రాతపూర్వకంగా ఇచ్చాను. ఆయన చదివి తలుపు వేసి, "వాళ్ళేమీ కంప్లైంటు ఇవ్వలేదు కదండీ. మీరెందుకు రాసిచ్చారు?" అన్నారు. పైకి పంపమన్నాను. "చూద్దాంలెండి" అని సొరుగులో పెట్టారు.

జనవరి 11, శనివారం

పంపించారట.

జనవరి 20, సోమవారం

మొహిద్దీన్ గారు సుమయా టీసీ కోసం వచ్చారు. ఇక రేపల్లెలో నాన్నమ్మ దగ్గర ఉండి చదువుకుంటుందట. ఆఫీసు గదిలో నాకు నమస్కారం పెట్టారు. ఇదివరకు నమస్కారంతో పాటు ఏదో ఒక మాట ఉండేది.

ఆయన లోపల సంతకాలు పెడుతుంటే సుమయా వరండాలో నిలబడి ఉంది. చున్నీ కింద కుడి చెయ్యి దాచుకుంది. నేను రాయించిన నోట్సు ఇచ్చాను. ఎడమ చేత్తో తీసుకుంది. ఎడమ చేత్తో రాయడం అలవాటు చేసుకుంటున్నానని, బొమ్మలు మాత్రం ఇంకా వంకరగా వస్తున్నాయని చెప్పింది.

"సుమయా, నువ్వు చార్టు సరిగ్గా చూడకపోవడం కాదమ్మా. ఆ రోజు నేను చార్టే చూపించలేదు."

"నాన్న చెప్పారు సార్."

 నోట్సు పేజీలు బొటనవేలితో రుద్దుతూ ఉంది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"సార్, ఆ రోజు నేను చెయ్యి లాక్కుంటుంటే మీకు తెలిసిందా?"

తెలియలేదని అనవచ్చు. అంటే నమ్ముతుంది. నమ్మడం కోసమే అడుగుతోందని నాకు అర్థమైంది.

"తెలిసిందమ్మా."

తల ఊపింది. "మీకు తెలియలేదేమో అనుకున్నాను సార్. ఇన్ని రోజులూ అదే అనుకున్నాను."

వాళ్ళ నాన్న బయటికి వచ్చారు. ఇద్దరూ గేటు దాటి వెళ్ళిపోయారు. తర్వాతి పీరియడు నాదే. నేను వెళ్ళలేదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఎనిమిది బి. రెండో బెంచీలో వేరే పిల్ల కూర్చుంది.

ఫిబ్రవరి 17, సోమవారం

మెమో వచ్చింది. ఇక నుంచి పిల్లల్ని క్యాంపులకు తీసుకెళ్ళకూడదు. సంతకం చేసి ఇచ్చాను. సాయంత్రం నాగజ్యోతి వంటింట్లో తన పక్కన నాకు పీట వేసింది.

మార్చి 3, సోమవారం

మొహిద్దీన్ గారు ఫోన్ చేశారు. పొద్దున, బడికి ఇంకా టైముంది. పేరు చూసి ఎత్తడానికి చెయ్యి రాలేదు. రెండోసారి మోగినప్పుడు ఎత్తాను.

"రేపల్లెలోనే ఉన్నాను సార్. ఒక్క మాట అడుగుదామని."

"అడగండి."

"పిల్ల పది రోజుల నుంచి గడ్డి ఉన్న చోట కాలు పెట్టట్లేదు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా ఇట్టా లేదు. స్కూలుకి అడ్డదారిన వెళ్తే ఐదు నిమిషాలు, మధ్యలో పచ్చగడ్డి ఉంటది. అక్కడికి రాగానే ఆగిపోద్ది. వణుకుద్ది. నిన్న మా బావమరిది చెయ్యి పట్టుకుని లాక్కెళ్తానన్నాడు. అట్టా రెండు రోజులు చేస్తే అదే పోద్దంట. నేను వద్దన్నాను. వద్దన్నాను గానీ... మీరు చదువుకున్నోళ్ళు. ఇది పోద్దా సార్? అసలు పోవాలా, ఉండాలా?"

ఇన్నేళ్ళలో నన్ను ఎవరు ఏం అడిగినా జవాబు ముందే సిద్ధంగా ఉండేది. 

"నాకు తెలియదండి."

ఆయన ఫోన్ పెట్టేశారేమో అనుకున్నాను.

"తెలియదు గానీ," అన్నాను, "ఎవర్నీ చెయ్యి పట్టుకుని లాగనివ్వకండి. ఆ పిల్ల ఎక్కడ ఆగితే అక్కడే మీరూ ఆగండి."

"ఎంతసేపు?"

"తను కదిలేదాకా."

ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఎవరితోనో అన్నారు, "రోడ్డు మీదుగా వెళ్దాం పదమ్మా. చుట్టైతే అయింది. సైకిల్ ఎక్కు." తర్వాత ఫోన్ పెట్టేశారు. వెళ్ళొస్తాననలేదు, థాంక్స్ అనలేదు. నేను ఫోన్ పక్కన పెట్టి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. రోడ్డు మీదుగా స్కూలుకి ఎంతసేపు పడుతుందో ఆయన చెప్పలేదు. నేను మాత్రం వాళ్ళు చేరి ఉంటారని అనిపించేదాకా అక్కడే ఉన్నాను.